అంకెల వెనుక వాక్యములు

జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు - తెలుగు గృహస్థుడు నిత్యము వాడు ఈ మాటలు అరబ్బీ, పారసీ భాషలనుండి మన నేలకు వచ్చి తెలుగు మాటలుగనే స్థిరపడినవి. ఉర్దూ విద్యార్థికిని, తెలుగు విద్యార్థికిని ఇవి సమానముగా సొంతము. లెక్క యనునది ఇరువురికి ఉమ్మడి ఆస్తి యనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. అయినను లెక్క యనగానే వాణిజ్యశాస్త్ర విద్యార్థులు తప్ప తక్కినవారు తమకు సంబంధము లేనట్లు ముఖము త్రిప్పుకొందురు. వాణిజ్య విద్యార్థులలో సైతము పెక్కుమంది అంకెలను చూతురే గాని వాని క్రింద ముద్రితమైన వాక్యములను చదువరు. ఈ రెండు అలవాట్లును మంచివి కావని మా అభిప్రాయము. భాషను బోధించు మేము ఈ విషయమున కలము పట్టుటకు కారణమిదియే. లెక్కలలోని సత్యము సగము అంకెలలో ఉన్నచో, తక్కిన సగము వాక్యములలో ఉన్నది.

స్టాక్ ఎక్స్ఛేంజిలో వాటాలు నమోదైన సంస్థ సాధారణముగ మూడు నెలలకొకసారి తన ఫలితములను ప్రకటింపవలెను. సెబీ 2015లో చేసిన నిబంధనల ప్రకారము మొదటి మూడు త్రైమాసికములకు 45 దినములు, నాలుగవ దానికి వార్షిక ఫలితములతో కలిపి 60 దినములు గడువు. అనుబంధ సంస్థలు గల కంపెనీలు తమ సొంత లెక్కతోపాటు కుటుంబమంతటి ఏకీకృత లెక్కను కూడ ప్రతి త్రైమాసికమునకు ఇవ్వవలెనని 2019 ఏప్రిల్ 1 నుండి విధి ఏర్పడినది. ఇట్టి మధ్యంతర లెక్కలను ఆడిటరు సాధారణముగ పరిమిత సమీక్ష మాత్రమే చేయును. అనగా అధికారులను ప్రశ్నించి, అంకెలను పోల్చి చూచును. పూర్తి ఆడిట్‌లోవలె లోతుగ ఆధారములను వెదకడు. అందుచేత చదువరి మెలకువ ఇచ్చట మరింత అవసరము.

ఈ లెక్కలు ఏ సూత్రముల ననుసరించి వ్రాయబడినవో తెలుపునవే గణక విధానములు. మధ్యంతర లెక్కలకు మన దేశమున ఇండ్ ఏ.ఎస్. 34 అను ప్రమాణము కలదు. గత వార్షిక లెక్కలలో పాటించిన విధానములనే ఇప్పుడును పాటించితిమని సంస్థ చెప్పవలెను. మార్చినచో ఏమి మార్చినదో, దాని ఫలితమేమో వివరింపవలెనని ఆ ప్రమాణము శాసించును. ఆచరణలో మాత్రము పత్రికలలో వచ్చు పట్టిక క్రింద ఒకటి రెండు వాక్యములతో పని ముగియును. అసలు విధానములు తెలియవలెనన్న గత సంవత్సరపు వార్షిక నివేదికను వెదకుకొనవలెను. ఆ శ్రమ పడువారు ఎందరు?

ఆ శ్రమ ఎందులకో ఉదాహరణములతో చెప్పెదము. చార్మినారు పరిసరముల బట్టల వ్యాపారిని తలచుకొనుడు. అతనికి రంజాన్ మాసము ఏడాది కంతటికి ఆయువుపట్టు. ఆ నెల రాబడిని పండ్రెండు నెలలకు పంచి, ప్రతి త్రైమాసికమును నిండుగ చూపవలెనని అతనికి తోచవచ్చును. ప్రమాణము అందుకు ఒప్పుకొనదు. వచ్చిన రాబడి వచ్చిన కాలముననే కనబడవలెను. ముందుగ ఊహించి చేర్చుటకు గాని, తరువాతి కాలమునకు దాచి ఉంచుటకు గాని వీలు లేదు. వ్యాపారము ఋతువులను బట్టి మారునదైనచో ఆ సంగతి వ్యాఖ్యలో చెప్పవలెను.

ఇందులో మరియొక చిక్కు కలదు. హిజ్రీ సంవత్సరము ఆంగ్ల సంవత్సరముకంటె సుమారు 11 దినములు చిన్నది. మన దేశమున 2022లో ఈదుల్ ఫిత్ర్ మే 3న వచ్చినది; 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చినది. 2022లో రంజాన్ అమ్మకములు దాదాపు అన్నియు ఏప్రిల్-జూన్ త్రైమాసికమున పడగా, 2025లో అవి జనవరి-మార్చి త్రైమాసికమునకు తరలినవి. అంతేకాదు, 2024 ఏప్రిల్ నుండి 2025 మార్చి వరకు గల ఒక్క ఆర్థిక సంవత్సరములో ఒక పండుగకు ముందటి చివరి దినముల అమ్మకములును, మరుసటి పండుగకు నెల పొడుగున జరిగిన అమ్మకములును రెండును చేరినవి. గత ఏటి ఇదే త్రైమాసికముతో పోల్చి "వృద్ధి" యని సంతోషించువాడును, "క్షీణత" యని దిగులుపడువాడును చంద్రుని నడకను మరచినవారే. ఒక్క వాక్యపు వ్యాఖ్య ఆ ఇరువురి భ్రమను తీర్చగలదు.

ఇక ఏకీకరణము. ఒక విద్యాసంఘము కళాశాలను, పాఠశాలను, వసతిగృహమును నడుపుచున్న దనుకొందము. వసతిగృహము కళాశాలకు అద్దె చెల్లించినది. కళాశాల లెక్కలో అది రాబడియే. వసతిగృహపు లెక్కలో వ్యయమే. సంఘమంతటి లెక్కలో మాత్రము అది రెండును గాదు. కుడి జేబులోని రూపాయి ఎడమ జేబులోనికి మారినంత మాత్రమున యజమాని ధనవంతుడగునా? కంపెనీల ఏకీకృత లెక్కల మూలసూత్రమిదియే. మాతృసంస్థకు, అనుబంధ సంస్థలకు మధ్య జరిగిన క్రయవిక్రయములను, అప్పులను పూర్తిగ తీసివేయవలెను. అందరును ఒకే తీరున లెక్క వ్రాయవలెను. అనుబంధ సంస్థలో మాతృసంస్థకు నూటికి 60 వంతులే ఉన్నను, దాని రాబడి యంతయు పట్టికలో చేరును. లాభములో 40 వంతులు ఇతర వాటాదారులవని వేరుగ చూపబడును. ఇది తెలియని చదువరి పై వరుసలోని పెద్ద అంకెను చూచి మురిసి, అడుగు వరుసలోని చిన్న అంకెను చూడకయే పుట తిప్పివేయును.

విధానము మారినపుడు అంకె ఎట్లు మారునో తెలుపుటకు 2019 ఏప్రిల్ 1 నుండి అమలైన ఇండ్ ఏ.ఎస్. 116 మంచి తార్కాణము. అంతకుముందు దుకాణపు అద్దె అద్దెగనే వ్రాయబడెడిది. తరువాత దీర్ఘకాలపు కౌలు ఒప్పందములకు ఆస్తిని, అప్పును రెండింటిని చూపి, అద్దెకు బదులు తరుగుదలను, వడ్డీని వ్రాయవలసి వచ్చినది. తత్ఫలితముగ తరుగుదలకు, వడ్డీకి ముందటి లాభము పెరిగినట్లు కనబడినది. అప్పును పెరిగినట్లు కనబడినది. దుకాణదారుడు ఇంటి యజమానికి చెల్లించిన సొమ్ము మాత్రము మారలేదు. ఇందులో మోసమేమియు లేదు. కాని వ్యాఖ్యను చదువనివానికి ఇది అభివృద్ధిగనే తోచును.

మోసము వేరు. దానికి మన హైదరాబాదే సాక్షి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు తన డైరెక్టర్ల బోర్డుకు వ్రాసిన లేఖ ఒక త్రైమాసికపు లెక్కకు సంబంధించినదే యని చాలమంది మరచిరి. 2008 సెప్టెంబరుతో ముగిసిన ఆ త్రైమాసికమునకు 2,700 కోట్ల రాబడి, 649 కోట్ల నిర్వహణ లాభము చూపబడినవి. నిజమైన రాబడి 2,112 కోట్లు, నిజమైన లాభము 61 కోట్లేనని ఆయన లేఖ తెలిపినది. పుస్తకములలో ఉన్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనివేనని కూడ ఒప్పుకొన్నది. మన పెద్దలు కాకిలెక్క లన్నది ఇట్టివానినే. విధానముల పుటను ఎంత శ్రద్ధగ చదివినను ఇట్టి అబద్ధము బయటపడదని మేము అంగీకరింతుము. లేని ధనమును ఉన్నదని వ్రాసినవాడు వ్యాఖ్యను మాత్రము నిజముగ వ్రాయునా? అయినను ఒక మాట చెప్పవలసి ఉన్నది. అంకె పెద్దదైనంతనే చప్పట్లు కొట్టి, అది ఎక్కడనుండి వచ్చినదని అడుగని సమాజములోనే ఇట్టి అబద్ధము ఏండ్ల తరబడి బ్రతుకగలదు. ప్రశ్నించు అలవాటు చిన్న విషయములలో లేనివారికి పెద్ద విషయములలో అకస్మాత్తుగ రాదు.

దివ్య ఖుర్ఆనులో అన్నిటికంటె దీర్ఘమైన వాక్యము అల్ బఖరా అధ్యాయములోని 282వది. అది ఋణ వ్యవహారములను లిఖితపూర్వకముగ ఉంచుకొనుటను, లేఖకుని న్యాయమును, సాక్షులను గూర్చినది కావడము మనము ఆలోచింపదగినది. లెక్కను వ్రాయుట మన సంప్రదాయమున ఆరాధనకు దూరమైన పని కాదు.

కావున మా సూచనలు మూడు. మొదటిది వాణిజ్య శాఖవారికి. ప్రతి త్రైమాసికమునకు ఒక సంస్థ ఫలితములను తరగతికి తెచ్చి, అంకెలకు ముందు వ్యాఖ్యలను చదివింపుడు. రెండవది మా భాషా శాఖలకు. ఈ వ్యాఖ్యలు సాధారణముగ ఆంగ్లమున ఉండుటచే చిన్న మదుపరులకు అందుట లేదు. వానిని తేట తెలుగులోనికి, సులభమైన ఉర్దూలోనికి మార్చుట మన విద్యార్థులకు మంచి అభ్యాసము, సమాజమునకు సేవ.

మూడవది కార్యవర్గమువారికి సవినయ మనవి. ఆరు నెలలకొకసారి మన సంస్థల ఏకీకృత లెక్కను నోటీసు బోర్డుపై ఉంచి, దానితో ఒక్క పుట విధానములను కూడ చేర్చుట మేలు. విరాళము వాగ్దానము చేసిననాడు జమ అగునా, చేతికి అందిననాడా? ప్రభుత్వమునుండి రావలసిన ఫీజు రీయింబర్స్‌మెంటు రాబడిలో చేరినదా, బాకీగ మాత్రమే ఉన్నదా? రావలసిన సొమ్మును రాబడిగ వ్రాయుట తప్పు కాదు. కాని దానితో ఈ నెల జీతములు చెల్లవు, వసతిగృహమున పొయ్యి వెలుగదు. ఈ తేడా తెలిసినపుడు ఫీజు పెంపు మాట వచ్చినను, విరాళపు పిలుపు వచ్చినను విద్యార్థియు, తల్లిదండ్రులును అపోహ లేకుండ ఆలోచింపగలరు. లెక్క చూపువానికి గౌరవము తగ్గదు, పెరుగును.

మన విద్యార్థులలో రేపటి గుమాస్తాలు, ఆడిటర్లు, వర్తకులు, సంఘ కార్యదర్శులు ఉన్నారు. వారి చేతికి పట్టిక వచ్చినపుడు లాభమెంత యని అడుగుటకు ముందు, ఈ లాభమును ఎట్లు లెక్కించితిరని అడుగువారు కాగలరని ఆశించుచున్నాము.