చిన్న వర్క్‌షాపులకు మనోళ్లు ఎందుకు పోవాలి



సాఫ్ట్ మ్యాటర్ మీద జరిగిన ఒకరోజు ప్రాంతీయ వర్క్‌షాప్‌కి మేము ముగ్గురం వెళ్లొచ్చామని చెప్పగానే మన గ్రూపులో రెండు ప్రశ్నలొచ్చాయి. ఒకటి, "అసలు సాఫ్ట్ మ్యాటర్ అంటే ఏంది?" రెండోది, "ఐదు నిమిషాలు మాట్లాడటానికి రెండు రాత్రులు రైల్లో పోవాలా? ఆ టైములో గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకోవచ్చు కదా?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. అందుకే ఈ పెద్ద పోస్టు. కొంచెం ఓపిగ్గా చదవండి.

పూర్తిగా రాయిలా గట్టిగా ఉండక, నీళ్లలా పారిపోకుండా మధ్యలో ఉండే పదార్థాలే సాఫ్ట్ మ్యాటర్. రాగి జావ, చెట్టు బంక, కుంకుడు నురగ, పెరుగు, బురద, మన ఒంట్లో రక్తం అన్నీ ఇందులోకే వస్తాయి. బురదనీళ్ల కుండలో ఇండుప గింజ అరగదీస్తే నీళ్లు తేటపడతాయని మన అవ్వలకు తెలుసు. నీళ్లలోని మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటది, అందుకే అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. గింజలోని పదార్థం వాటిని గుంపు చేస్తే బరువెక్కి అడుక్కి దిగుతాయి. ఫిజిక్సులో దీన్ని కొల్లాయిడ్ల పాఠం అంటారు. అవ్వకు తెలిసింది, ల్యాబులో కొలిచేది రెండూ ఒకటే అని మేము అనడం లేదు. గింజ ఎంత వేయాలి, ఎందుకు పని చేస్తుంది అని కొలిచి రుజువు చేయడం వేరే పని. కానీ ఆ పనికి కావాల్సిన ప్రశ్న మన ఇంట్లోనే ఉంది.

ఈ సబ్జెక్టు చరిత్రలో కూడా అడవి మనుషులున్నారు. 1991లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియర్ గిల్ ద జెన్ తన నోబెల్ ప్రసంగానికి పెట్టిన పేరే సాఫ్ట్ మ్యాటర్. అందులో ఆయన చెప్పిన ఉదాహరణల్లో ఒకటి అమెజాన్ ఆదివాసులది. వాళ్లు రబ్బరు చెట్టు పాలను కాళ్లకు పూసుకుంటే అది కాసేపటికి గట్టిపడి బూటు అయ్యేది. ఆ తర్వాత 1839లో గుడ్‌ఇయర్ గంధకంతో ఆ రబ్బరును నిలవుండేలా చేశాడు. గుడ్‌ఇయర్ పేరు పుస్తకాల్లో ఉంది. కాళ్లకు పాలు పూసుకున్నవాళ్లలో ఒక్కరి పేరూ లేదు. తెలిసినోళ్లు ఒకరు, పేరు రాయించుకున్నోళ్లు ఇంకొకరు. ఈ తేడా ఎక్కడ మొదలైతది? పని గురించి నలుగురిలో చెప్పే చోట మొదలైతది.

ఇంకో ఉదాహరణ. జర్మనీలో ఆగ్నెస్ పాకెల్స్ అని ఒకామె. ఆ రోజుల్లో ఆడపిల్లలకు అక్కడి యూనివర్సిటీల్లో చోటు లేదు. ఇంట్లో గిన్నెలు కడిగే నీళ్ల మీద నూనె, సబ్బు పొర ఎలా పరుచుకుంటుందో చూసి, సొంతంగా తొట్టి తయారుచేసుకుని కొలిచింది. 1891లో ఇంగ్లండ్‌లోని లార్డ్ రేలీకి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని నేచర్ పత్రికకు పంపి అచ్చు వేయించాడు. ఆమె దగ్గర తెలివి ముందే ఉంది. తెలివిని బయటికి తీసుకుపోయే మనిషి దొరికాకే లోకానికి తెలిసింది. మనకు అలాంటి మనుషులు దొరికే చోటు ఈ చిన్న వర్క్‌షాపులే అని మా అభిప్రాయం.

పెద్ద కాన్ఫరెన్సుకు రిజిస్ట్రేషన్ ఫీజు, హోటలు, విమానం కావాలి. అక్కడ మైకు ప్రొఫెసర్లది, పోస్టర్ పక్కన నిలబడేది మనం. చిన్న ప్రాంతీయ మీటింగు పద్ధతి వేరు. అమెరికాలో న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో కాంప్లెక్స్ ఫ్లూయిడ్స్ మీద పనిచేసేవాళ్లు ఏడాదికి నాలుగుసార్లు ఒక్కరోజు కలుస్తారు. కొన్ని పెద్ద ప్రసంగాలు, మిగతావి సౌండ్ బైట్స్ అనే కొద్ది నిమిషాల మాటలు. పని పూర్తికాకపోయినా చెప్పొచ్చు. మేము వెళ్లినదీ ఇలాంటిదే. నలభై మందికి మించరు. ఫీజు లేదు.

అక్కడ మాలో ఒక చెల్లి తపసి బంక నీళ్లలో ఎట్లా ఉబ్బుతుందో మూడు స్లయిడ్లలో చెప్పింది. ఒక సార్ లేచి, "వేసవిలో తీసిన బంకకీ వానలు పడ్డాక తీసిన బంకకీ తేడా ఉంటుందా?" అని అడిగారు. హాల్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. చెల్లి దగ్గర ఉంది. వాళ్ల నాన్న ఇరవై ఏళ్లుగా బంక తీసి జీసీసీకి అమ్ముతున్నాడు. ఎండల్లో తీసిందే మంచి గ్రేడు, వాన తగిలితే రంగు మారి రేటు పడిపోతది అని చెప్పింది. టీ టైములో ఆ సార్ తన ల్యాబులో జిగట కొలిచే మిషన్ వాడుకోమన్నారు. రెండేళ్లుగా ఆమెకు తన డిపార్ట్‌మెంటులో ఆ మిషన్ అందలేదు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. "ఇన్‌ఫార్మల్" అంటే అందరికీ తలుపు తెరిచినట్టు కాదు. రూల్స్ లేవంటే, రూల్స్ రాసి లేవని అర్థం. ముందే తెలిసినవాళ్లకు అవి తెలుసు. నోటీసు గోడ మీదికి రాదు, ప్రొఫెసర్ మెయిల్‌కు వస్తది. ఆయన ఎవరికి పంపితే వాళ్లకే తెలుస్తది. మాకు కూడా వేరే యూనివర్సిటీ సీనియర్ అన్న చెబితేనే తెలిసింది. టీ దగ్గర గుంపులు కడతారు, ఇంగ్లీషు వేగంగా పోతది. "ఏ ఊరు? ఏ కోటా?" అని నవ్వుతూ అడిగేవాళ్లూ ఉన్నారు. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లు చట్టం ఇచ్చింది. కానీ టీ టేబుల్ దగ్గర ఏ రోస్టరూ ఉండదు. ఎవరి ల్యాబులో ఖాళీ ఉంది, ఏ గైడ్ విద్యార్థిని మనిషిలా చూస్తాడు అనే సమాచారం అక్కడే చేతులు మారుతది. అక్కడ మనం లేకపోతే సీటు వచ్చినా దారి దొరకదు.

అందుకే నిర్వాహకులను మేము అడిగేవి చిన్నవే. నోటీసును మెయిళ్లతో ఆపకుండా అందరికీ కనిపించేలా పెట్టండి. ప్రయాణ ఖర్చు తర్వాత ఇస్తామనకండి, ముందే ఇవ్వండి. ఫెలోషిప్ నెలల తరబడి ఆగిపోయే పిల్లకు రైలు టికెట్టు కూడా అప్పే. హాస్టల్లో ఒక రాత్రి పడుకోనివ్వండి. వచ్చిన ప్రతి విద్యార్థికీ మూడు నిమిషాలైనా మైకు ఇవ్వండి.

మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఇది. ఫలితాలు పూర్తయ్యాక పోదాంలే అని ఆగొద్దు, సగం పనికే ఆ మీటింగు పెట్టేది. ఒక బొమ్మ, ఒక ప్రశ్న తీసుకుపోండి చాలు. ఇంగ్లీషు తడబడితే నెమ్మదిగా చెప్పండి, గ్రాఫ్ చూపించండి. ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి పోండి, కానీ టీ దగ్గర విడివిడిగా నిలబడండి. ఇంకొకటి, ఊరి వాళ్లు చెప్పిన విషయం వాడితే ఊరి పేరు స్లయిడ్ మీద పెట్టండి. స్థానిక జ్ఞానాన్ని వాడుకుని లాభపడేవాళ్లు ఆ లాభంలో వాటా ఇవ్వాలని 2002 జీవవైవిధ్య చట్టం చెబుతుంది. దాన్ని ముందు మనమే పాటించాలి.

ఇక గ్రూప్స్, డీఎస్సీ సంగతి. రాయండి, ఇంటికి జీతం కావాలి, అందులో తప్పేం లేదు. కానీ మన అడవి బంక మీద, మన నీళ్ల మీద పరిశోధన ఎట్లాగూ జరుగుతది. చేసేవాళ్లలో మనోళ్లు ఉంటారా, లేక శాంపిల్ మోసుకొచ్చేవాళ్లుగానే మిగులుతారా అన్నదే ప్రశ్న. సంవత్సరానికి ఒక రోజు, రెండు రాత్రుల రైలు. ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

ఎక్కడైనా ఇలాంటి మీటింగు నోటీసు కనిపిస్తే, ఏ సబ్జెక్టుదైనా సరే, ఫోటో తీసి ఈ గ్రూపులో పెట్టండి. మొదటిసారి పోయేవాళ్లు ముందురోజు మాకు మెసేజ్ చేయండి. మీ మూడు నిమిషాల మాట మేము ఫోన్లో విని సాయం చేస్తాం.

జై ఆదివాసీ!