చమురు ఊళ్ళోనే, కొరతా ఊళ్ళోనే

చమురు కొరత అనగానే పూర్ణా మార్కెట్‌లో మొదట వినబడే ప్రశ్న, "ఓడ వచ్చిందా?" అన్నది. పప్పు బస్తా ధరలో లారీ కిరాయి కలిసే ఉంటుంది గనుక ఆ ఆదుర్దా సహజమే. కాని అడగవలసింది అదొక్కటే కాదు.

మన ముడిచమురు అవసరాలలో 85 శాతానికి పైగా దిగుమతే. ఓడ ఆగితే ఆదుకునేందుకు విశాఖలో కొండరాతిని తొలిచి 13.3 లక్షల టన్నులు పట్టే భూగర్భ గుహలు కట్టారు. మంచిదే. అయితే అందులో ఉండేది ముడిచమురు; లారీలో పోసుకునే డీజిలు కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. 1957లో కాల్టెక్స్ పేర మొదలై, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసిన శుద్ధి కర్మాగారం ఊళ్ళోనే ఉంది. అయినా బంకుల ముందు జనం బారులు తీరారు. కరెంటు లేక పంపు తిరగలేదు. రోడ్డు మీద చెట్లు కూలి ట్యాంకరు కదలలేదు. 2024 జనవరిలో హైదరాబాదులోనైతే తుపానూ లేదు, ఓడా ఆగలేదు. ట్యాంకరు డ్రైవర్లు సమ్మె కట్టేసరికి బంకుల్లో "నో స్టాక్" బోర్డులు లేచాయి.

గుహల లెక్క చెప్పినంత ఉత్సాహంగా బంకుల లెక్క ఎవరూ చెప్పరు. అక్టోబరు తుపానులకు ముందే ప్రతి బంకులో జనరేటరు, సరుకు లారీలకు విడిగా కొంత డీజిలు ఉంచమని వర్తక సంఘాలు కలెక్టరును, చమురు కంపెనీలను అడగాలి. ఖర్చు ఎవరిదన్న పేచీ వస్తుంది. అది సెప్టెంబరులోనే తేల్చుకోవడం నయం. అక్టోబరులో కిరాయి లారీవారు చెప్పిందే.