పోలేదు, చోటు మారింది



ఈ నెల వాక్యధ్యానమునకు ముందు నా తప్పు ఒకటి మీ ఎదుట ఒప్పుకోవలసియున్నది. అది మా సంఘపు కంప్యూటరు దగ్గర జరిగినది. ఇప్పుడు అనేక సంఘములలోను, మీలో కొందరి ఇండ్లలోను కంప్యూటరు ఉన్నది గనుక మీకును ఉపయోగపడునని వ్రాస్తున్నాను.

మా సంఘములోని పాత వివాహ రిజిస్టరుకు కొన్ని సంవత్సరాల క్రితం చెదలు పట్టాయి. పుటల అంచులు రాలిపోతుంటే, యౌవనస్థులలో ఒక తమ్ముడు ఒక్కొక్క పుటను ఫోటో తీసి కంప్యూటరులో భద్రపరచాడు. తరువాత వచ్చిన వానలకు ఆ పుస్తకంలో కొన్ని పుటలు చదవడానికి వీలులేకుండా పోయాయి. కాబట్టి కొన్ని కుటుంబాలకు ఆ ఫోటోయే మిగిలిన సాక్ష్యం.

ఒక సోమవారం ఉదయం భర్తను పోగొట్టుకొన్న ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. ఆమె భర్త బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాడు. కుటుంబ పెన్షను కొరకు వివాహపు రుజువు తెమ్మన్నారట. “మా పెళ్లి మన గుడిలోనే జరిగింది గదా అయ్యగారూ, ఆ కాగితం ఇప్పించండి” అన్నది.

“కూర్చోండి అమ్మా, ఐదు నిమిషాల్లో ఇస్తాను” అని ధైర్యంగా చెప్పి కంప్యూటరు తెరిచాను. ‘సంఘ రికార్డులు’ అనే ఫోల్డరులో బాప్తిస్మములు ఉన్నాయి, భూస్థాపనలు ఉన్నాయి, ‘వివాహములు’ మాత్రం లేదు. చెరిపినవి పడే రీసైకిల్ బిన్‌లో చూశాను. లేదు. సెర్చ్ గడిలో పేరు టైపు చేశాను. ఏమీ దొరకలేదని చూపించింది.

నాకు చెమటలు పట్టాయి. వెంటనే ఆ తమ్ముడికి ఫోను చేసి, “నువ్వే ఏదో చెరిపేశావు. చేతకాని పని ఎందుకు పెట్టుకొన్నావు?” అని కఠినంగా మాట్లాడాను. ఆ తల్లి ఎదుట కూర్చొని వింటూనే ఉన్నది. అతడు మారు మాట్లాడలేదు. “సాయంత్రం పని దిగి వస్తాను అయ్యగారూ” అన్నాడు.

సాయంత్రం వచ్చి నన్ను ఒక్క ప్రశ్న అడిగాడు. “అయ్యగారూ, మీరు ఏ ఫోల్డరులో నిలబడి వెదికారు?”

నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అతడు ఓపికగా చెప్పాడు. మన ఇండ్లలో ట్రంకు పెట్టె ఉంటుంది. దానిలో చిన్న పెట్టె, ఆ పెట్టెలో ఒక సంచి, ఆ సంచిలో పొలం కాగితాలు. కంప్యూటరులో ఫోల్డర్లు కూడా అలాగే ఒకదానిలో ఒకటి ఉంటాయి. మనము ఏ ఫోల్డరును తెరచుకొని సెర్చ్ చేస్తామో, అది ఆ ఫోల్డరులోను దాని లోపలి వాటిలోను మాత్రమే వెదుకుతుంది. ప్రక్క పెట్టె జోలికి పోదు. నేను ‘సంఘ రికార్డులు’ తెరచి దానిలోనే వెదికాను. అతడు ‘దిస్ పీసీ’ అనే మొదటి చోటికి వెళ్లి అదే మాట టైపు చేశాడు. కొంచెం ఆలస్యమైనా దొరికింది.

ఎక్కడ దొరికినదో వినండి. ‘ప్రసంగములు’ అనే ఫోల్డరులో ‘2023’, దానిలో ‘శ్రమల దినములు’, దానిలో ‘వివాహములు’. ప్రసంగముల ఫోల్డరును నేను తప్ప ఎవరూ తెరవరు! అంతకు ముందు శనివారం రాత్రి పాత ప్రసంగం కొరకు వెదుకుతూ, ఎడమ ప్రక్కనున్న జాబితాలో మౌస్ నొక్కిన వేలు ఎత్తకుండా లాగి, నాలుగు వరుసల పైన వదిలియుంటాను. చేసినవాడను నేను, మాట పడినవాడు అతడు. అతడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “దొరికింది గదా అయ్యగారూ” అన్నాడు. ఆ మాట నన్ను గద్దింపుకన్న ఎక్కువగా పొడిచింది.

ఫోల్డరు ఇంత సులువుగా ఎలా వెళ్లిపోయిందని అడిగి తెలుసుకొన్నాను. ఒకే డ్రైవులో ఒక ఫోల్డరును మరొక దానిలోనికి జరిపినప్పుడు లోపలి ఫోటోలు నిజంగా కదలవు. ఇది ఫలానా దాని లోపల ఉన్నదని కంప్యూటరు వ్రాసుకొన్న లెక్క మాత్రమే మారుతుంది. అందుకే వేయి ఫోటోలున్నా రెప్పపాటులో జరిగిపోతుంది. మనలను అడగదు, చప్పుడు చేయదు. వేరే డ్రైవుకు, అంటే పెన్‌డ్రైవు వంటి దానికి లాగితే మాత్రం పాతది అక్కడే ఉండి కొత్తగా మరొక ప్రతి తయారవుతుంది.

ఇది ఆలోచిస్తుండగా ఎజ్రా గ్రంథము 5, 6 అధ్యాయములు నాకు జ్ఞాపకమునకు వచ్చాయి. చెరనుండి తిరిగివచ్చినవారు యెరూషలేములో దేవుని మందిరమును కట్టుచుండగా, అధికారియైన తత్తెనై వచ్చి, ఎవరి సెలవుతో కట్టుచున్నారని అడిగాడు. కోరెషు రాజు తన యేలుబడి మొదటి సంవత్సరమున సెలవిచ్చాడని పెద్దలు చెప్పారు. ఆ సంగతి దర్యావేషు రాజుకు వ్రాయబడినది. బబులోనులో దస్తావేజులుండే కొట్టులో వెదికారు. అయితే ఆ గ్రంథము దొరికినది బబులోనులో కాదు, మాదీయుల దేశమందలి ఎగ్బతానాలో. అది అక్కడ ఎప్పటినుండో క్షేమముగానే ఉన్నది. ఇంకొక చోట కూడా వెదికిరి గనుక సత్యము బయటపడినది, మందిరపు పనికి ఆటంకము తొలగినది. బబులోనులో లేదు గనుక యూదుల పెద్దలు అబద్ధికులని తేల్చియుంటే ఎంత అన్యాయము జరిగియుండెడిది! నేను ఆ ఉదయం చేసినది సరిగ్గా అదే. ఒక్క చోట వెదికి, లేదని తేల్చి, నమ్మకమైన పనివానిమీద నేరము మోపాను.

ఆ తమ్ముని దగ్గర నేర్చుకొన్న కొన్ని సంగతులు మీ మేలు కొరకు వ్రాస్తున్నాను.

1. ఏదైనా తప్పుగా జరిగితే వెంటనే కంట్రోల్, జెడ్ మీటలు కలిపి నొక్కండి. చివర చేసిన పని వెనుకకు వస్తుంది. నేను గమనించక కంప్యూటరు ఆర్పేశాను గనుక ఆ మార్గము మూసుకుపోయింది.

2. మౌస్‌తో లాగడంకన్న కట్ చేసి, వెళ్లవలసిన ఫోల్డరు తెరచి పేస్ట్ చేయడం క్షేమము. కట్ చేసిన ఫైలు మసకగా కనబడుతుంది గాని, పేస్ట్ చేసేవరకు తన చోటనే ఉంటుంది. భయపడనక్కరలేదు.

3. పెన్‌డ్రైవుకు పంపేటప్పుడు కట్ చేయకండి, కాపీ చేయండి. కాపీ అయినదానిని తెరచి చూచి, ఆ తరువాతనే పాతదానిని తీయండి. మధ్యలో కరెంటు పోయినా మొదటిది మీ దగ్గర ఉంటుంది. పెన్‌డ్రైవులో చెరిపినది సాధారణంగా రీసైకిల్ బిన్‌లోనికి రాదని జ్ఞాపకముంచుకోండి.

4. పెట్టెలో పెట్టె ఎక్కువ చేయకండి, మూడు వరుసలు చాలు. విండోస్‌లో ఫోల్డర్ల పేర్లు, ఫైలు పేరు అన్నీ కలిపి సుమారు 260 అక్షరాలు దాటితే అనేక ప్రోగ్రాములు ఆ ఫైలును తెరవలేవు. మన తెలుగు పేర్లు త్వరగా ఆ హద్దుకు చేరతాయి. మన కంటికి ఒక్క అక్షరమైన ‘స్త్రీ’ కంప్యూటరు లెక్కలో 6.

5. సంఘపు రికార్డులకు రెండవ ప్రతి ఒకటి వేరొక ఇంటిలో ఉంచండి.

మరునాడు ఆ తల్లికి పుట ప్రతిని తీసి, సంతకము చేసి ఇచ్చాను. ఆమె తన పేరు, తన భర్త పేరు ఒకే వరుసలో చూచుకొని, కొంగుతో కళ్లు తుడుచుకొన్నది. ఆ కాగితం ఒక్క కార్యాలయానికే కాదు, ఆమెకును కావలసియున్నదని అప్పుడు గ్రహించాను. చిన్న ఫైలే కదా అని మనము అజాగ్రత్తగా ఉంచినది ఒకరికి జీవనాధారము కావచ్చును.

ఆదివారము ఆరాధనలో ఆశీర్వాదమునకు ముందు ఆ తమ్ముని నిలువబెట్టి, సంఘము ఎదుట క్షమాపణ అడిగాను. నా కఠినమైన మాటలు విన్న ఆ తల్లి ఈ మాటలు కూడా వినాలని కోరాను. కంప్యూటరు చేసిన పనిని కంట్రోల్, జెడ్ వెనుకకు తెస్తుంది గాని, నోట జారిన మాటకు అటువంటి మీట లేదు. దానికి ఒప్పుకోలు ఒక్కటే దారి.

ప్రియులారా, మీ ఇంటిలో ఈ నెల ఏదైనా కనబడకపోతే, అది ఫైలైనా, పట్టా కాగితమైనా, పెట్టెలోని డబ్బైనా, కోడలిని గాని పనివానిని గాని అనకముందు మీరు వెదకని చోటు ఇంకా ఏదైనా ఉన్నదేమో చూడండి. అట్టి ఓర్పును ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.