రోగం చెట్టు పీకేసిన రైతుకు చుట్టుపక్కల తోటలోళ్ళం డబ్బులిద్దాం

చీనీ రైతు సోదరులారా, మళ్ళా చిగురు టైం వచ్చింది, మందుల షాపుల ముందర జనం మొదలైనారు. నేను చెప్పేది ఒకటే. ఎవరి తోటకు వాళ్ళు మందు కొట్టుకుంటే గ్రీనింగ్ తెగులు ఆగదు.

దీన్ని మోసేది సిల్లా పురుగు. తల కిందికి పెట్టి, వెనక భాగం పైకి లేపి కూర్చుంటది. గుడ్లు పెట్టేది లేత చిగుర్లోనే. రోగమున్న చెట్టు మీద పెరిగిన పిల్ల పురుగు రెక్కలొచ్చినాక పక్క తోటకు ఆ రోగాన్ని మోసుకుపోతది. గట్టు, కంచె దానికి లెక్కలేదు. ఈరోజు మీరు కొట్టి, పదిరోజులకు పక్కాయన కొడితే అది అటూఇటూ తిరుగుతానే ఉంటది. అందుకే చిగురు పొడిచేటప్పుడే, ఊరంతా రెండు మూడు రోజుల్లో కొట్టాల. ఆకు ముదిరినాక కొట్టేది డబ్బు దండగ. పూత మీద ఇమిడాక్లోప్రిడ్ మాత్రం వద్దు, తేనెటీగలు చస్తాయి. (గట్టు మీది కరివేపాకు చెట్టును కూడా చూసుకోండి, సిల్లా దాని మీద కూడా పెరుగుతది.)

ఆకు పసుపైతే చాలు, షాపులో జింక్ ప్యాకెట్ చేతిలో పెడతారు. జింక్ లోపమైతే నడిమి ఈనెకు రెండు పక్కలా ఒకే తీరుగా పసుపు వస్తది. గ్రీనింగ్‌లో ఒక పక్క మచ్చలు ఒక తీరు, ఇంకో పక్క ఇంకో తీరు. కాయ చిన్నగా, వంకరగా ఉండి అడుగున పచ్చగానే ఉండిపోతది. అనుమానం ఉంటే శాస్త్రవేత్తలకు చూపించి తేల్చుకోండి.

తేలినాక ఆ చెట్టును నయం చేసే మందు లేదు. ఫ్లోరిడాలో ఇది 2005లో బయటపడింది. మందులకు, మిషన్లకు వాళ్ళకేం తక్కువ? ఇప్పుడు అప్పటి కమలా పంటలో పదో వంతు కూడా రావడం లేదు.

అయినా ఎనిమిదేళ్ళు నీళ్ళు పోసి సాకిన చెట్టు, ఇంకా నాలుగు కాయలు కాస్తాంటే ఎవరు పీకుతారు? "నా చెట్టు, నా ఇష్టం" అనే మనిషిని నేను తిట్టను. నష్టం ఆయనది, లాభం మనది. అందుకే చుట్టుపక్కల తోటలోళ్ళం తలా కొంత వేసి ఆయనకిద్దాం అంటున్నా. మూడుసార్లు మందు కొట్టే ఖర్చుతో పోలిస్తే అది ఎక్కువేం కాదు. పీకే ముందు ఆ చెట్టుకు మందు కొట్టాల, లేకుంటే పురుగులన్నీ లేచి మన తోటల్లోకే వస్తాయి. మోడు నుంచి మళ్ళా చిగురు రాకుండా వేర్లతో సహా తీయాల.

చెట్టుకు ఎంతియ్యాలో, ఏ వయసు చెట్టుకు ఎంతో మీ లెక్క కింద రాయండి.