డబ్బా ముందా? రాత ముందా?



పోయిన నెల మన గోడపత్రిక మీరంతా చూసే ఉంటారు. చార్టు మీద స్కేలు పెట్టి ఎనిమిది డబ్బాలు ముందే గీసినం. ఆ తర్వాత రచనలు తీసుకున్నం. ఆరో తరగతి తమ్ముడొకడు వాళ్ళ ఊరి దండారి పండుగ గురించి గోండిలో, తెలుగు అక్షరాలతో రాసిచ్చిండు. అది డబ్బాలో పట్టలేదు. చివరి ఐదు వాక్యాలు తీసేసినం. తీసేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ తమ్ముడు గోడ ముందు నిలబడి మొత్తం చదివి, "అన్నా, మా తాత చెప్పిన ముచ్చట ఏది?" అని అడిగిండు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు కంప్యూటర్ గదిలోనూ అదే తప్పు చేస్తున్నం. మౌస్‌తో డబ్బాలు లాగి పెట్టే సాఫ్ట్‌వేర్‌తో మన స్కూలుకు వెబ్ పేజీ తయారుచేస్తున్నాము కదా! పెద్ద తెర మీద మూడు డబ్బాలు పక్కపక్కన ముచ్చటగా ఉన్నాయి. అదే పేజీ వార్డెన్ సారు ఫోనులో తెరిచి చూస్తే "సంప్రదించండి" అనే మాట గీత దాటి బయటికొచ్చింది. కింది వరుసలో ఒత్తులు తెగిపోయినయి. కారణం ఒక్కటే. డబ్బాల వెడల్పు, ఎత్తు రెండూ మనమే బిగించినం. తెర చిన్నదైంది, డబ్బా మాత్రం తగ్గలేదు.

దీనికి ఉపాయం మన చంపాపేట్ రోడ్డు మీదనే కనిపిస్తది. ఫంక్షన్ హాళ్ళలో కుర్చీలు ఎట్లా వేస్తారో చూడండి. రెండొందల మంది వస్తే దూరదూరంగా వేస్తారు, వెయ్యి మంది వస్తే వరుసలు పెంచుతారు. సినిమా హాల్లోనైతే కుర్చీలు నేలకు బిగించి ఉంటాయి. పేజీ అనేది సినిమా హాలులాగా కాదు, ఫంక్షన్ హాలులాగా ఉండాలని నా అభిప్రాయం.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1990లలో వెబ్ పేజీలను పట్టికల గడుల్లో ఇరికించి కట్టేవారు. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ త్రీ సి సంస్థ 2009లో ఫ్లెక్స్‌బాక్స్ అనే పద్ధతికి మొదటి ముసాయిదా విడుదల చేసింది. 2010లో ఈథన్ మార్కాట్ అనే ఆయన, ఒకే పేజీ ఏ తెరకైనా తానే సర్దుకోవాలని వ్యాసం రాశాడు. 2017లో గ్రిడ్ పద్ధతి ముఖ్యమైన బ్రౌజర్లలోకి వచ్చింది. వర్డ్‌ప్రెస్‌లో 2018 డిసెంబరులో బ్లాకులు వచ్చాయి. ఎలిమెంటర్‌లో 2022లో ఫ్లెక్స్‌బాక్స్ కంటైనర్లు వచ్చాయి. ఇప్పుడు కోడు రాయడం రాని మనలాంటి వాళ్ళు కూడా ఈ పని చేయవచ్చు. "పక్కపక్కన నిలబడండి, చోటు మిగిలితే పంచుకోండి, చాలకపోతే కింది వరుసకు దిగండి" అని డబ్బాలకు చెప్తే చాలు.

"గీతలు కొట్టినట్టు ఉంటేనే అందం" అని కొందరు మిత్రులు అంటున్నారు. సర్దుకోవడం అంటే చిందరవందర కాదు. డబ్బాల మధ్య ఎంత సందు ఉండాలో, ఏ డబ్బా ఎంతకన్నా సన్నబడకూడదో మనమే చెప్తాం. "ఫోనుకు వేరే పేజీ చేసి, పెద్దది దాచేద్దాం" అని ఇంకొందరి మాట. అప్పుడు తేదీ మారితే రెండు చోట్ల దిద్దాలి, ఒకటి తప్పకుండా మర్చిపోతాం. పైగా దాచినంత మాత్రాన పేజీ బరువు తగ్గదు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. డబ్బాలో డబ్బా, దాంట్లో ఇంకో డబ్బా పెట్టుకుంటూ పోతే పేజీ బరువెక్కుతుంది. ఇంకొకటి, కంటికి కనిపించే వరుసను మాత్రమే మార్చే సౌకర్యం ఉన్నది. కానీ చూపులేని వాళ్ళకు పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మామూలుగా అసలు వరుసలోనే చదువుతుంది. కాబట్టి అసలు వరుసనే ముందు సరిచేయాలి.

ఇదంతా ఎందుకంటారా? మన గూడేల్లో, తండాల్లో అమ్మానాయనల దగ్గర కంప్యూటర్లు లేవు. ఉంటే ఒక చిన్న ఫోను ఉంటుంది. హాస్టల్ తెరిచే రోజు, పరీక్ష తేదీ దాంట్లోనే చూసుకోవాలి. అక్కడ అంకె తెగితే పిల్లవాడు బస్సెక్కే రోజు తప్పుతుంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటిచ్చారు. ప్రపంచం మన అక్షరానికి చోటిస్తే, మనం మన చార్టు మీద ఐదు వాక్యాలకు చోటివ్వలేమా?

అందుకే నా మనవి మూడు మాటలు. గోడపత్రికకైనా, వెబ్ పేజీకైనా ముందు రచనలు తీసుకుందాం, తర్వాతే డబ్బాలు గీద్దాం. ఎత్తు ఎక్కడా బిగించవద్దు. పేజీని అందరికన్నా చిన్న ఫోనులో చూసిన తర్వాతనే బయటపెడదాం.

వచ్చే నెల గోడపత్రికలో మొదటి చోటు తమ్ముని దండారికే ఇవ్వాలి. ఈసారి తాత ముచ్చటతో సహా. చార్టు చాలకపోతే ఇంకో చార్టు అతికిద్దాం.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి మిత్రుడు