పలకని అక్షరాలు

ఇంగ్లీషు డిక్టేషన్ పుస్తకం చేతికి రాగానే తల వంచుకొనే పిల్లలు మన బడులలో చాలామంది ఉన్నారు. ఎర్రసిరా గీతలు చూసి, "నాకు తెలివి లేదు" అనుకొంటారు. "తెలుగు మాధ్యమంలో చదివితే ఇంతే" అని పెద్దలు కొందరు తోడు పలుకుతారు. ఈ రెండు మాటలూ సరికావని నా అభిప్రాయం.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో మాట్లాడే పిల్లలకు భాషలు రావనడం ఎలా? అసలు కారణం వేరు. తెలుగులో చాలావరకు పలికినట్లే వ్రాస్తాం. ఆ అలవాటుతోనే ఇంగ్లీషు కూడా వ్రాయబోయి పొరబడతాం. ఇంగ్లీషు మాతృభాషగా గల పిల్లలు సైతం ఈ మాటల దగ్గర తడబడుతూనే ఉంటారు.

కత్తిని ఇంగ్లీషులో 'నైఫ్' అంటారు. కాని వ్రాసేటప్పుడు మొదట 'కె' పెట్టాలి. ఒకప్పుడు ఇంగ్లీషువారు ఆ 'కె'ను పలికేవారు. 1476లో విలియం కాక్స్టన్ ఇంగ్లండులో మొదటి అచ్చుయంత్రాన్ని నెలకొల్పాడు. అచ్చుపుస్తకాలు పెరిగిన కొద్దీ వ్రాత క్రమంగా స్థిరపడింది. నోటిమాట మాత్రం మారుతూ వచ్చింది. ధ్వని పోయినా అక్షరం మిగిలింది.

ఇటువంటి మార్పు మన భాషలోనూ జరిగింది. పాత పుస్తకాలలో 'గుఱ్ఱము' అని బండి 'ఱ'తో ఉండేది. ఆ ధ్వని 'ర'లో కలిసిపోయింది. ఇప్పుడు 'గుర్రం' అని వ్రాస్తున్నాం. మనం వ్రాతను మార్చుకొన్నాం. ఇంగ్లీషువారు చాలా మాటలలో మార్చుకోలేదు.

పండితులు తెచ్చిపెట్టిన చిక్కులు కూడా ఉన్నాయి. ద్వీపానికి ఇంగ్లీషు మాట 'ఐలండ్'. లాటిన్ నుండి వచ్చిన మరొక మాటతో దానికి చుట్టరికం ఉందని పొరబడి, మధ్యలో 'ఎస్' చేర్చారు. పండితుల పొరపాటే నేడు ఒప్పుగా చెలామణి అవుతోంది!

కాబట్టి అక్షరాలను గుడ్డిగా వల్లించడం కంటే మాటల చుట్టరికాలు వెదకడం మేలు. సంతకం చేయడం 'సైన్'. అందులో 'జి' పలకదు. సంతకం 'సిగ్నేచర్', అందులో అదే 'జి' స్పష్టంగా పలుకుతుంది. అప్పు 'డెట్', అందులో 'బి' వినిపించదు. బ్యాంకు పాసుపుస్తకంలోని 'డెబిట్'లో వినిపిస్తుంది. అమెరికాలో 1925లో మొదలైన జాతీయ స్పెల్లింగు పోటీలో పిల్లలు అక్షరాలు చెప్పబోయే ముందు, "ఈ మాట ఏ భాష నుండి వచ్చింది?" అని అడగవచ్చు. మాట పుట్టుక తెలిస్తే వ్రాత సులభమవుతుందని వారికి తెలుసు.

అన్ని మాటలకూ చుట్టాలు దొరకరు. అటువంటి మాటను ఒకసారి శ్రద్ధగా చూడాలి. పుస్తకం మూసి వ్రాయాలి. తిరిగి తెరచి సరిచూసుకోవాలి. తప్పు వస్తే సిగ్గుపడవద్దు. ఆ అక్షరం అక్కడికి ఎందుకు వచ్చిందని మీ గురువుగారిని అడగండి. కారణం తెలిసి నేర్చిన మాట తొందరగా మరపునకు రాదు.