ఇన్సులినును ఇల్లాలి భోజనవేళయు



నడివయస్సున మధుమేహము కనిపించినచో అది స్థూలకాయము వలననో, తీపి తినుట వలననో వచ్చినదని లోకము తలంచును. మాత్రలతో కొన్ని నెలలో, కొన్ని సంవత్సరములో గడచును. పిదప మాత్రలెన్ని పెంచినను రక్తములోని చక్కెర తగ్గదు, శరీరము కృశించును. నోరు కట్టుకొనలేదని బంధువులు నిందింతురు. ఆ యిల్లాలును తన్ను తాను నిందించుకొనును. ఇట్టివారిలో కొందరి వ్యాధి వేఱు.

శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి, క్లోమమునందు ఇన్సులినును పుట్టించు కణములను నశింపజేయును. పిల్లలలో త్వరితముగా జరుగు ఈ పని పెద్దలలో మెల్లగా సాగుటచేత గుర్తింపు ఆలస్యమగును. 1993లో వైద్యశాస్త్రజ్ఞులు దీనికి ‘లాడా’ యని పేరిడిరి. రక్తమునందు గ్యాడ్ ప్రతిరక్షకములకును, సి-పెప్టైడునకును చేయు పరీక్షలు దీనిని గుర్తించుటకు తోడ్పడును.

పథ్యము తప్పుట దీనికి కారణము కాదు. కావున ఇన్సులినును శిక్షయనిగాని, కడపటి యవస్థయనిగాని భావింపరాదు. 1922 జనవరిలో టొరాంటో నగరమున ఒక బాలునికి తొలిసారి దీని నిచ్చువరకు, ఇన్సులిను లోపించిన పిల్లలు బ్రతుకుటకు మార్గమే లేకుండెను. శరీరమున కొరవడిన దానిని వెలుపలినుండి యిచ్చుటయే ఈ చికిత్స.

ఇక మా ముఖ్యమైన మనవి. మన యిండ్లలో ఇల్లాలు అందరికిని వడ్డించి కడపట భుజించుట వాడుక. అతిథి వచ్చినచో మరింత జాగగును. దినమున కొకసారి తీసికొను దీర్ఘకాలపు ఇన్సులిను సంగతి వేఱు. భోజనముతో తీసికొనునట్టిది మాత్రము వడ్డన ముగియువరకు వేచియుండదు. వైద్యుడు చెప్పిన వేళకు సూది వేసికొని, చెప్పిన వేళకే భుజింపవలయును. లేనిచో చెమట, వణుకు, గుండెదడ, తికమక కలుగును. చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగువగుట అపాయ సూచకము. వెంటనే మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగి, 15 నిమిషములకు మరల పరీక్షించుకొనవలయును. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయక, ఆలస్యము చేయక వైద్యశాలకు కొనిపోవలయును.

ఏకాదశి యనియో, జ్వరమనియో ఇన్సులినును తమంత తాము మానరాదు. మోతాదు మార్పును ముందుగనే వైద్యుని అడిగి తెలిసికొనవలయును. మానినచో వాంతులు, కడుపునొప్పి, ఆయాసము కలిగి ప్రాణముమీదికి రావచ్చును.

మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి యని రెండు విధముల సీసాలు దొరకును. సీసా యెట్టిదో సిరంజియు నట్టిదే కావలయును. ఒకదానికి మరియొకటి వాడినచో మోతాదు రెండున్నర రెట్లు తారుమారగును. కొనునప్పుడే సీసాపైని అంకెను, సిరంజిపైని అంకెను సరిచూచుకొనుడు. తెరువని సీసాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున నుంచవలయును. మంచుగడ్డ కట్టు అరలో ఉంచరాదు. ఒకేచోట మాటిమాటికి పొడుచుకొన్నచో అచట గడ్డకట్టి మందు సరిగా ఒంటబట్టదు. కావున కడుపునను, తొడలయందును చోటు మార్చుచుండవలయును.

ఈ చిన్న సంగతులన్నియు రెండు మూడు వారములలో అలవడును. అలవడుటకు కష్టమైనది మొదట భుజించుటయే. పెద్దలు కూర్చుండకముందు కోడలు విస్తరి ముందు కూర్చుండుట మర్యాదకు లోపమని తలంచువా రింకను గలరు. అట్టి యింట అత్తగారే ఆమెకు తొలుత వడ్డించినచో ఎవ్వరును మాటాడరు. అట్టి యత్తగారు మా పాఠకురాండ్రలో ననేకు లుందురని మా నమ్మకము.